విండోస్ 10 గడువు తీరింది: ఇంట్లో పాత కంప్యూటర్‌ను ఏం చేయాలి?

2017 వేసవి. ఇంజనీరింగ్‌లో చేరబోతున్న కొడుకు కోసం ఒక కుటుంబం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీకి వెళ్లి డెస్క్‌టాప్ అసెంబుల్ చేయించుకుందనుకుందాం. ఇంటెల్ కోర్ ఐ5-7400 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్‌డిస్క్. పక్కింటివాళ్లు అలాంటిదే మరుసటి ఏడాది సంక్రాంతి దాటాక తీసుకున్నారు. ప్రాసెసర్ మాత్రం ఐ5-8400. రెండు కంప్యూటర్లూ ఇవాళ్టికీ బాగానే నడుస్తున్నాయి. సినిమా చూడొచ్చు, కరెంటు బిల్లు కట్టొచ్చు, పిల్లల ఆన్‌లైన్ క్లాసులు వినొచ్చు. విండోస్ 11 వేయబోతే మాత్రం రెండోది ఒప్పుకుంటుంది, మొదటిది ‘ఈ పీసీ సరిపోదు’ అంటుంది. రెండింటి మధ్య వయసు తేడా ఏడాది కూడా లేదు.

ఆ ‘సరిపోదు’ అన్న మాట చూసి చాలామంది కంప్యూటర్‌ను పాతసామాన్లవాడికి వేసేద్దామనుకుంటున్నారు. మరికొందరు ఏమీ పట్టనట్టు అలాగే వాడేస్తున్నారు. రెండూ తొందరపాటే. ఆ మాట వెనక ముఖ్యంగా మూడు వేర్వేరు కారణాలుంటాయి. వాటిలో రెండింటికి పైసా ఖర్చు లేకుండా ఇంట్లోనే విరుగుడు ఉంది. మూడోదానికి లేదు. అయినా అక్కడితో ఆ కంప్యూటర్ ఆయుష్షు తీరినట్టేమీ కాదు.

ముందు గడువు సంగతి. విండోస్ 10 వచ్చింది 2015 జూలై 29న. పదేళ్ల తర్వాత, 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ దానికి ఉచిత మద్దతు ఆపేసింది. మర్నాడు కంప్యూటర్లేవీ ఆగిపోలేదు. స్క్రీన్ అదే, ఫైళ్లు అవే. ఆగిపోయింది నెలనెలా వచ్చే భద్రతా అప్‌డేట్లు. ప్రతి నెలా రెండో మంగళవారం, మన లెక్కన చాలావరకు మంగళవారం రాత్రికో బుధవారం పొద్దుటికో, కొత్తగా బయటపడిన లోపాలకు మైక్రోసాఫ్ట్ మాట్లు (ప్యాచ్‌లు) వేస్తుంది. విండోస్ 10, 11లకు లోపల చాలా కోడ్ ఒకటే. అందుకే 11లో మాటు పడినప్పుడల్లా, ఆ మాటును విప్పి చూసేవాడికి 10లో చిల్లు ఎక్కడుందో తెలిసిపోతుంది. గడువు తీరిన సిస్టమ్‌కు రోజులు గడిచేకొద్దీ ముప్పు పెరిగేది ఇందుకే.

దీన్ని ఉత్త బెదిరింపుగా తీసిపారేసేవాళ్లు 2017 మే నెలను గుర్తు చేసుకోవాలి. ఆ నెల 12న వానాక్రై అనే వైరస్ ప్రపంచమంతా చుట్టేసింది. కంప్యూటర్‌లో ఉన్న ఫైళ్లన్నిటికీ తాళం వేసి, విప్పాలంటే 300 డాలర్లు బిట్‌కాయిన్లలో కట్టమంది. బ్రిటన్‌లో ఆసుపత్రులు మూతపడే పరిస్థితి వచ్చింది. మన దగ్గర ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. అప్పట్లో అందరూ తప్పంతా గడువు తీరిన విండోస్ ఎక్స్‌పీదే అనుకున్నారు. తర్వాత లెక్క తీస్తే దెబ్బతిన్నవాటిలో అత్యధికం విండోస్ 7 కంప్యూటర్లు. అంటే అప్పటికి ఇంకా మద్దతు ఉన్నవే. వాటికి కావలసిన మాటును మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది. దాన్ని వేసుకోలేదంతే. కొత్త విండోస్ ఉందా, పాతది ఉందా అన్నదాని కంటే, దానికి అప్‌డేట్లు వస్తున్నాయా, వచ్చినవి పడుతున్నాయా అన్నదే అసలు ప్రశ్న. ఇంట్లో కంప్యూటర్ గురించి తీసుకునే నిర్ణయమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరగాలి.

ఇప్పుడు ఆ ‘సరిపోదు’ దగ్గరికి వద్దాం. విండోస్ 11కు 4 జీబీ ర్యామ్, 64 జీబీ జాగా చాలని మైక్రోసాఫ్ట్ చెబుతుంది. ఈ రెండింటి దగ్గర ఆగిపోయే కంప్యూటర్లు తక్కువ. చిక్కంతా టీపీఎం 2.0, సెక్యూర్ బూట్, ప్రాసెసర్ల జాబితా దగ్గరే.

టీపీఎం అంటే కంప్యూటర్ లోపలి చిన్న ఇనప్పెట్టె. డిస్క్‌లో సమాచారానికి తాళం వేసినప్పుడు ఆ తాళంచెవి ఇందులో ఉంటుంది. కంప్యూటర్ ఆన్ అయ్యే క్రమం ఎప్పటిలాగే ఉందా అని చూసుకుని, ఉంటేనే చెవి ఇస్తుంది. ఎవరైనా మధ్యలో వేలు పెట్టారని అనుమానం వస్తే ఇవ్వదు. సెక్యూర్ బూట్ చేసే పని ఇంకోటి. కరెంటు అందగానే మదర్‌బోర్డు ముందుగా విండోస్‌ను లేపే ప్రోగ్రామ్ మీద సంతకం సరిచూస్తుంది. సంతకం కలవకపోతే దాన్ని నడవనివ్వదు. విండోస్ కన్నా ముందే లేచి దాని కింద దాక్కునే వైరస్‌లను ఆపడానికి ఈ ఏర్పాటు.

చాలామందికి తెలియనిదేమిటంటే, 2016 తర్వాత కొన్న కంప్యూటర్లలో ఎక్కువ శాతానికి టీపీఎం 2.0 ఉంటుంది. ప్రత్యేకంగా చిప్ అక్కర్లేదు, ప్రాసెసర్‌తోపాటే వస్తుంది. బ్రాండెడ్ ల్యాప్‌టాప్‌లలో అది ఆన్‌లోనే ఉంటుంది. అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్‌లలో మాత్రం చాలావరకు ఆఫ్‌లో ఉండిపోతుంది. కంప్యూటర్ ఆన్ అవుతుండగానే, విండోస్ లేవకముందు తెరిచే సెట్టింగుల మెనూ బయోస్. అందులోకి వెళ్తే ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ అని, ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అని ఒక వరస కనిపిస్తుంది. దాన్ని ఎనేబుల్ చేసి సేవ్ చేస్తే మొదటి అడ్డంకి తొలగినట్టే.

రెండోది కాస్త జాగ్రత్తగా చేయాల్సిన పని. అసెంబుల్ చేసిన కుర్రాడు తనకు అలవాటైన పాత పద్ధతిలో, అంటే లెగసీ మోడ్‌లో విండోస్ వేసి ఉంటాడు. అప్పుడు డిస్క్ ఎంబీఆర్ అనే పాత తరహాలో ఉంటుంది. సెక్యూర్ బూట్‌కు జీపీటీ అనే కొత్త తరహా కావాలి. ఫార్మాట్ కొట్టాల్సిందే అని కొన్ని షాపుల్లో చెబుతారు. అవసరం లేదు. విండోస్ 10లోనే ఎంబీఆర్2జీపీటీ అనే చిన్న పనిముట్టు ఉంది, డేటా పోకుండా డిస్క్‌ను మారుస్తుంది. ఇక్కడ వరస తప్పకూడదు. ముందు డిస్క్‌ను మార్చాలి, ఆ తర్వాతే బయోస్‌లో లెగసీ తీసేసి కొత్త పద్ధతి అయిన యూఈఎఫ్ఐ పెట్టాలి. తిరగేసి చేస్తే విండోస్ లేవదు, ఇంటిల్లిపాదీ హడలిపోతారు. బయోస్‌ను మళ్లీ పాత స్థితికి తెస్తే లేస్తుంది.

ఇక మూడోది, ప్రాసెసర్. ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచి, ఏఎండీ రైజెన్‌లో 2000 సిరీస్‌లో చాలావరకు, ఆ తర్వాతవి మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉన్నాయి. ఐ5-7400లో గీత తర్వాతి 7 తరాన్ని చెబుతుంది. 8400 అయితే ఎనిమిది, 10400 అయితే పది. మొదటి ఇంట్లోని కంప్యూటర్‌కు టీపీఎం 2.0 ఉంది, సెక్యూర్ బూట్ పెట్టుకోవచ్చు, వేగానికీ లోటు లేదు. జాబితాలో పేరు లేదు, అంతే. భద్రత, నమ్మకంగా నడవడం అనే రెండు కారణాలతో అక్కడ గీత గీశామని మైక్రోసాఫ్ట్ అంటుంది. కారణాలు నిజమైనవే. కానీ ఆ గీత ఏడాదైనా తేడా లేని రెండు యంత్రాల మధ్య పడింది, ఇంకా పదేళ్లు పనికొచ్చే ఇనుము కోట్లలో దానికి అవతల మిగిలిపోయింది. కంప్యూటర్ కొనడమంటే ఒక ఏడాది పొదుపు అయిన కుటుంబాలకు ఇది న్యాయంగా కనిపించదు, కనిపించాల్సిన అవసరమూ లేదు.

తన కంప్యూటర్ ఏ కారణం దగ్గర ఆగిందో తెలుసుకోవడానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చే పీసీ హెల్త్ చెక్ అనే ఉచిత ప్రోగ్రామ్ చాలు. ఒక్కో అర్హతనూ విడివిడిగా చూపిస్తుంది. షాపుకు తీసుకెళ్లేముందు ఈ పని ఇంట్లో చేసుకుంటే అక్కడ ఎవరేం చెప్పినా కంగారుపడక్కర్లేదు.

ప్రాసెసర్ దగ్గరే ఆగిపోయిన ఇంటికి దారులున్నాయి. అడ్డదారి ఒకటి ఎక్కువగా ప్రచారంలో ఉంది: రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో పెన్‌డ్రైవ్ తయారుచేసి, ఈ తనిఖీలను దాటవేసి విండోస్ 11 వేసేయడం. పడుతుంది, నడుస్తుంది కూడా. అయితే అలాంటి కంప్యూటర్లకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ స్పష్టంగా చెప్పింది. ఏటా వచ్చే పెద్ద అప్‌డేట్ తనంతట రాదు, మళ్లీ అదే తంతు చేతితో జరపాలి. చేసిపెట్టిన కుర్రాడు ఉద్యోగానికి బెంగళూరు వెళ్లిపోతే, పెన్షన్ ఖాతా చూసుకునే తండ్రి దగ్గర ఆ కంప్యూటర్ పాత వెర్షన్‌తోనే ఉండిపోతుంది. అప్‌డేట్లు రావడం లేదనే కదా మారాలనుకున్నది. మారాక కూడా అవి ఆగిపోయే దారిని, స్వయంగా సరిచేసుకోగలిగేవాళ్లు తప్ప ఎంచుకోకపోవడం మంచిది.

రెండో దారి గడువు పొడిగించుకోవడం. ఈఎస్‌యూ (పొడిగించిన భద్రతా అప్‌డేట్లు) పేరుతో మైక్రోసాఫ్ట్ ఇళ్లలోని విండోస్ 10 కంప్యూటర్లకు 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా అప్‌డేట్లు ఇచ్చే పథకం పెట్టింది. సెట్టింగ్స్‌ను మైక్రోసాఫ్ట్ ఖాతాకు సింక్ చేస్తే ఉచితం. లేదంటే 1000 మైక్రోసాఫ్ట్ రివార్డ్స్ పాయింట్లు, లేదా 30 డాలర్లకు సరిపడా సొమ్ము. విండోస్ 10లో చివరి వెర్షన్ 22హెచ్2 అయి ఉండాలి, ఖాతా ఎలాగూ కావాలి. ఉచిత సింక్ అనగానే ఫొటోలన్నీ ఎక్కించాలేమో, మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ వన్‌డ్రైవ్‌లో ఉచితంగా ఇచ్చే 5 జీబీ చాలదేమో అని భయపడేవాళ్లున్నారు. సెట్టింగ్స్ సింక్ అయితే సరిపోతుంది, ఫైళ్లు పంపనక్కర్లేదు. ఇది ఊపిరి పీల్చుకోవడానికి దొరికే వ్యవధి మాత్రమే. ఈ వ్యవధిలో తేల్చుకోవాల్సింది తేల్చుకోవాలి.

మూడోది లైనక్స్, అంటే విండోస్‌కు బదులుగా వేసుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్. విండోస్‌కు అలవాటుపడ్డవాళ్లకు దానిలో లైనక్స్ మింట్ అనే రకం తేలిగ్గా పడుతుంది. స్టార్ట్ మెనూ ఉండే చోటే దీని మెనూ కూడా ఉంటుంది. మింట్ 22కు 2029 వరకు అప్‌డేట్లున్నాయి. ఐ5-7400 అయినా అంతకంటే పాత నాలుగో తరం ప్రాసెసర్ అయినా అభ్యంతరం చెప్పదు. దీనిలో ఉన్న గొప్ప సౌకర్యం, కంప్యూటర్‌లో ఏమీ మార్చకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూసుకోవడం. వైఫై పట్టుకుందా, శబ్దం వస్తోందా, బ్యాంకు సైటు తెరుచుకుంటోందా అని ఒక ఆదివారం కూర్చుని చూస్తే తేలిపోతుంది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ‘స్వేచ్ఛ’ సంస్థ తెలుగులోనే మెనూలుండే లైనక్స్‌ను ఏనాడో తెచ్చింది. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు ఏళ్లుగా లైనక్స్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. కాబట్టి ఇది నిపుణులకే అన్న భయం అక్కర్లేదు.

లైనక్స్ అందరికీ సరిపోతుందని చెప్పడం కూడా తప్పే. ఇంట్లో ట్యాలీ మీద నాలుగు షాపుల లెక్కలు రాసి సంపాదించేవాళ్లకు అది కుదరదు. మన ఊళ్లలో ఎక్కడ చూసినా కనిపించే కేనన్ ఎల్‌బీపీ 2900 ప్రింటర్‌ను లైనక్స్‌లో పనిచేయించడం పెద్ద ప్రయాస. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 అయితే హెచ్‌పీ ఇచ్చే అదనపు ప్లగిన్ వేసుకుంటే నడుస్తుంది. ఇంట్లో ఆ కంప్యూటర్ మీద జరిగే పనులేమిటో కాగితం మీద రాసుకుంటే, ఏ దారి పట్టాలో చాలావరకు ఆ కాగితమే చెబుతుంది.

ఏ దారైనా సరే, 2017 నాటి హార్డ్‌డిస్క్‌ను మాత్రం అలాగే ఉంచకూడదు. టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే, కంప్యూటర్ ఆన్ చేసిన మొదటి పది నిమిషాలూ డిస్క్ అన్న చోట 100 శాతం కనిపిస్తుంది. ప్రాసెసర్ ఖాళీగానే ఉంటుంది. గిర్రున తిరిగే పళ్లెం మీద సూది అటూ ఇటూ పరిగెత్తి ఒక్కో ముక్కా ఏరుకొచ్చేదాకా మిగతావన్నీ ఎదురుచూస్తుంటాయి. ‘కంప్యూటర్ ముసలిదైపోయింది’ అనుకునేది ఎక్కువసార్లు ఈ సూది కోసం ఎదురుచూపే. దాని స్థానంలో తిరిగే పళ్లెం, సూది లేని ఎస్‌ఎస్‌డీ పెడితే అదే ఐ5 కంప్యూటర్‌ను గుర్తుపట్టలేం. పాత ల్యాప్‌టాప్‌లలో డీవీడీ డ్రైవ్ తీసేసి, ఆ చోట పట్టే క్యాడీ అనే చట్రంలో పాత డిస్క్‌ను పెట్టుకునే వీలు కూడా ఉంటుంది. విండోస్ 11 అర్హత ఉన్న కంప్యూటర్ అయినా, హార్డ్‌డిస్క్ మీదే దాన్ని ఎక్కిస్తే ఉన్న వేగం కూడా పోయిందన్న ఫిర్యాదే మిగులుతుంది.

ఇక అసలైన నష్టం జరిగే చోటు. సిస్టమ్ మారుస్తుండగా డేటా పోయిన ఇళ్లలో తరచూ వినిపించే మాట ‘అన్నీ డీ డ్రైవ్‌లో పెట్టాం కదా’ అని. సీ, డీ, ఈ అని మనం చూసేవి ఒకే డిస్క్‌కు గీసిన గళ్లు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఆ గళ్ల జాబితాలో పేర్లు సరిగా కనపడవు, సైజులు చూసి పోల్చుకోవాలి. ఒక్క గడి తప్పుగా డిలీట్ చేస్తే పెళ్లి ఫొటోలు పోతాయి. డిస్క్ పాడైతే గళ్లన్నీ ఒకేసారి పోతాయి. వేరే హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించి, వైరు పీకి పక్కన పెట్టినదే బ్యాకప్. అదీ ఎక్కించాక నాలుగైదు ఫైళ్లు వేరే కంప్యూటర్‌లో తెరిచి చూసుకున్నాకే.

డిస్క్‌కు విండోస్ వేసే బిట్‌లాకర్ అనే తాళం ఉందేమో కూడా ముందే చూసుకోవాలి. ల్యాప్‌టాప్‌లలో వాడేవాళ్లకు తెలియకుండానే అది పడి ఉండొచ్చు. బయోస్‌లో టీపీఎంను కదిలించగానే, టీపీఎం ఇనప్పెట్టెకు అనుమానం వచ్చి, 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ అంకెలు మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటాయి, ఆ ఖాతా పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తుండదు. నీలం స్క్రీన్ ఎదురయ్యాక వెతుక్కోవడం కంటే ముందే కాగితం మీద రాసి పెట్టుకోవడం వందరెట్లు నయం.

తెలుగువాళ్లకు ఉండే ఇబ్బంది ఇంకోటుంది. దీని గురించి ఎక్కడా ఎవరూ హెచ్చరించరు. పదిహేను, ఇరవై ఏళ్ల కిందట డీటీపీ చేయించిన ప్రతిదీ, అంటే తాతగారి పద్యాల పుస్తకం, సంఘం సావనీర్, లగ్నపత్రిక, చిన్న పత్రిక పాత సంచికలు, దాదాపుగా పేజీలు కూర్చే పేజ్‌మేకర్ అనే ప్రోగ్రామ్‌లో, అను అనే తెలుగు ఫాంట్లతో కూర్చినవే. ఇప్పుడు అన్ని కంప్యూటర్లూ, ఫోన్లూ వాడే అక్షరాల పద్ధతి యూనికోడ్‌లో తెలుగుకు సొంతంగా 128 గళ్లున్నాయి, ‘క’ ఎక్కడున్నా ‘క’యే. అను పద్ధతి వేరు. అందులో ఇంగ్లిష్, యూరప్ అక్షరాల గళ్లలో తెలుగు ముక్కల బొమ్మలు గీసి ఉంటాయి. తలకట్టు ఒక గడి, ఒత్తు ఒక గడి. ఫైల్లో దాగి ఉండేది ఆ గడి నంబరు. ఆ ఫాంట్ లేని కొత్త కంప్యూటర్‌లో అదే ఫైలు తెరిస్తే, సీసపద్యం ఉండాల్సిన చోట నెత్తిన చుక్కలు, గీతలున్న విదేశీ అక్షరాల ముద్ద ప్రత్యక్షమవుతుంది. ఫైలు పాడవలేదు, చదివే కళ్లజోడు పోయింది. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో, తర్వాత అడోబీ దాన్ని ఆపేసింది. విండోస్ 11 అయితే 64 బిట్‌లోనే వస్తుంది, కాబట్టి పాత సీడీల్లోని 16 బిట్ ఇన్‌స్టాలర్లు దానిలో చాలావరకు లేవవు.

అందుకే పాత కంప్యూటర్ ఇంకా బతికుండగానే, ఫాంట్లు పనిచేస్తుండగానే, ముఖ్యమైన ప్రతి ఫైలునూ పీడీఎఫ్ చేసి పెట్టుకోవాలి. అక్షరాల బొమ్మలు అందులో చేరిపోతాయి, ఏ కంప్యూటర్‌లోనైనా చదువుకోవచ్చు. తర్వాత విండోస్‌లోని ఫాంట్స్ ఫోల్డర్‌ను మొత్తంగా బ్యాకప్ డిస్క్‌లోకి కాపీ చేయాలి. రోజూ సవరించుకోవాల్సిన రచనలైతే కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు, అరసున్నాలు సరిగా వచ్చాయో లేదో పాత ప్రింటు పక్కన పెట్టుకుని సరిచూడాలి. కన్వర్టర్ వదిలేసే తప్పులు సాధారణంగా అక్కడే ఉంటాయి. కొత్తగా టైప్ చేసుకోవడానికి మాత్రం బెంగ లేదు. విండోస్ 10, 11లలో ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డుతోపాటు ‘అమ్మ’ను ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే ఫొనెటిక్ కీబోర్డు కూడా ఉంది. లైనక్స్‌లో భాషల టైపింగ్ చూసుకునే ఐబస్‌కు ఎం17ఎన్ అనే ప్యాకేజీ జోడిస్తే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, యాపిల్ లేఅవుట్లు దొరుకుతాయి. అను మీద యాపిల్ లేఅవుట్‌కు వేళ్లు అలవాటుపడ్డ పెద్దవాళ్లకు ఇది పెద్ద ఊరట.

ఇంత సిద్ధం చేసుకున్నాక అప్‌గ్రేడ్ చేయడం చిన్న పనే. అర్హత ఉన్న కంప్యూటర్‌లో అసలైన విండోస్ 10 ఉంటే 11 ఉచితం, ఫైళ్లు, ప్రోగ్రామ్‌లు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. డెస్క్‌టాప్‌కు యూపీఎస్ లేకపోతే కరెంటు పోయే వేళల్లో మొదలుపెట్టకూడదు. కొత్త విండోస్ ఖాతా అడిగినప్పుడు డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లను వన్‌డ్రైవ్‌కు పంపమంటుందేమో చదివి నొక్కాలి. ఆ 5 జీబీ నిండాక వచ్చే హెచ్చరికలకు చాలామంది బెదిరిపోయి ఉన్న ఫైళ్లే డిలీట్ చేసుకున్నారు.

అప్‌గ్రేడ్ అయిన తర్వాత పాత విండోస్ మొత్తం విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్‌లో పది రోజులు ఉంటుంది. ఆ పది రోజుల్లో సెట్టింగ్స్‌లోని ‘గో బ్యాక్’ నొక్కి వెనక్కి వెళ్లొచ్చు, పదకొండో రోజున ఆ బటన్ ఉండదు. అందుకని మొదటి వారంలోనే ఇంట్లో రాసుకున్న ఆ పనుల కాగితం బయటికి తీయాలి. ప్రింటర్‌తో ఒక పేజీ, స్కానర్‌తో ఒక పేజీ, ట్యాలీలో పోయినేడాది కంపెనీ, తెలుగులో ఒక ఉత్తరం, అను ఫాంట్‌లో ఉన్న ఒక పాత ఫైలు. అన్నీ ఒక్కసారి తెరిచి చూశాకే పాత డిస్క్ సంగతి ఆలోచించాలి. ఎస్‌ఎస్‌డీ పెట్టినప్పుడు తీసేసిన హార్డ్‌డిస్క్‌ను ఫార్మాట్ చేయకుండా, పేరు, తేదీ రాసిన కవర్లో పెట్టి, కనీసం ఒక ఏడాది బీరువాలో ఉంచడం మేలు. మార్చిలో ఆదాయపు పన్ను కాగితాల కోసమో, మేనకోడలి పెళ్లికి పాత ఫొటోల కోసమో దాన్ని బయటికి తీయాల్సి రావచ్చు.